వీసా కోసం ఖాతాలో అప్పు సొమ్ము చూపించొచ్చా?

ప్రశ్న: మాది మధురవాడ. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం చేస్తున్నాను, చేతికి 78 వేలు వస్తుంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమెకు 22 వేలు. ఫ్లాట్ లోన్ ఈఎంఐ 31 వేలు. అన్నీ పోను నెలకు 20 వేలు మిగులుతుంది. ఏప్రిల్‌లో 1.2 లక్షల బోనస్ వస్తుంది. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. అమ్మకు 68 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి, మాతోనే ఉంటుంది. వచ్చే మే నెలలో అమ్మను గాజువాకలో తమ్ముడి దగ్గర ఉంచి, మేం నలుగురం పది రోజులు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ వెళ్లి రావాలనుకుంటున్నాం. ఖర్చు 8.5 లక్షలు అవుతుందట. వీసాకి ఖాతాలో కనీసం 12 లక్షలు కనిపించాలని ట్రావెల్ ఏజెంట్ అంటున్నారు. నా దగ్గర 1.8 లక్షల ఎఫ్‌డీ, సేవింగ్స్‌లో 60 వేలు ఉన్నాయి. 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని, బావమరిది దగ్గర 2 లక్షలు నగదు చేబదులు తెచ్చి, ఎఫ్‌డీ రద్దు చేసి ఖాతాలో వేద్దామనుకుంటున్నా. మిగతా 2.6 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి నెల రోజులు సర్దే ఫైనాన్షియర్ ఉన్నాడని ఏజెంటే చెప్పారు. వీసా వచ్చాక లోన్ సొమ్ము టూరుకే వాడి, తక్కువ పడింది కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టుకుంటాం. 20 తులాల బంగారం కూడా ఉంది. పర్సనల్ లోన్ మంచిదా, గోల్డ్ లోన్ మంచిదా?
- పేరు రాయవద్దన్న పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఈ పనికి రెండూ వద్దు. వేసవి సెలవుల ప్రయాణాలు దగ్గరపడే కొద్దీ ఇలాంటి ఉత్తరాలు వరస కడతాయి. జీతాలు వేరు, వెళ్లే దేశాలు వేరు, పొరపాటు మాత్రం అందరిదీ ఒకటే. ఖాతాలో ఆఖరి వరసలో ఉన్న అంకె చూసి వీసా ఇస్తారనుకుంటున్నారు. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మీ స్టేట్‌మెంట్ మీరే ఒకసారి తీసి చూడండి. ఒకటో తారీఖున జీతం పడుతుంది. ఐదున 31 వేలు ఈఎంఐ పోతుంది. తర్వాత స్కూలు ఫీజు, కరెంటు బిల్లు, పాలవాడికీ కిరాణా కొట్టుకీ ఫోన్‌పేలు. నెలాఖరుకి 60 వేల దగ్గర తేలుతుంది. మూడు నెలలూ ఇదే వరస. ఆ కింద ఉన్నట్టుండి ఒక లైను: లోన్ డిస్బర్స్‌మెంట్, 5 లక్షలు. దాని కింద నగదు జమ, 2 లక్షలు. ఇంకా కింద మీకు చుట్టమూ కాని, యజమానీ కాని మనిషి పేరు మీద 2.6 లక్షలు. వారం తిరక్కుండా వీసా దరఖాస్తు. దీన్ని అర్థం చేసుకోవడానికి కాన్సులేట్‌లో కూర్చున్న అధికారే కానక్కర్లేదు, మీ పాపకు చూపించినా చెబుతుంది. అప్పు తెచ్చినట్టు బ్యాంకే అచ్చువేసి ఇస్తున్న కాగితాన్ని పట్టుకెళ్లి, ఇది నా స్తోమత అని మీరు చెబుతున్నారు.

ఇక ఆ 12 లక్షలు. ఎక్కడిదండీ ఆ లెక్క? ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ రెంటికీ షెంజెన్ అనే ఉమ్మడి యూరప్ వీసా ఒక్కటే. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి, మీకది ఫ్రాన్స్ అనుకుందాం. హోటల్ బుకింగ్ చూపించగలిగిన వాళ్లకు ఫ్రాన్స్ అడిగేది మనిషికి రోజుకు 65 యూరోలు. బుకింగ్ లేకపోతే 120. మొత్తం పది రోజులకూ నలుగురికీ 65 చొప్పున వేసినా 2,600 యూరోలు. యూరోకి 105 రూపాయలు వేసుకుంటే 2 లక్షల 73 వేలు. అంత చూపిస్తే వీసా వచ్చి తీరుతుందని నేను అనను, టికెట్లు, హోటళ్ల సొమ్ము ఎక్కడినుంచి వస్తుందో కూడా కనబడాలి. కానీ 12 లక్షలన్నది ఏ నిబంధనా కాదు. మన దగ్గర ద్వారకానగర్‌లో ఏ మెట్లెక్కినా కన్సల్టెన్సీయే, వాళ్లంతా విద్యార్థి వీసాలతో చెయ్యి తిరిగినవాళ్లు. బ్రిటన్ చదువు వీసాకైతే నిర్ణీత మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో నిలవాలన్న నియమం నిజంగానే ఉంది. ఆ అలవాటే టూరిస్టు వీసాకీ అంటించి, నెల రోజులకు సొమ్ము సర్దే మనిషిని కూడా చూపిస్తున్నారు. అందులో ఏజెంటుకు ఎంత ముడుతుందో అడిగి చూడండి.

వీసా రాకపోతే పోయేదేమిటి అనుకోకండి. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నిండి పన్నెండు నిండని పిల్లలకు 45. మీ ముగ్గురికీ, బాబుకీ కలిపి 315 యూరోలు, అంటే 33 వేల పైన. సర్వీసు ఛార్జీలు దీనికి అదనం. తిరస్కరిస్తే ఇందులో పైసా వెనక్కి రాదు. తిరస్కరణ పత్రం మీద కారణాలకు ఎదురుగా టిక్కు పెట్టి ఇస్తారు. ఖర్చులకు తగిన సొమ్ము ఉన్నట్టు చూపలేకపోయారన్నది ఒకటి, గడువులోగా తిరిగి వెళ్తారన్న నమ్మకం కుదరలేదన్నది ఇంకొకటి. మీరు అనుకున్న పద్ధతికి రెండు టిక్కులూ పడొచ్చు. ఆ వివరాలు షెంజెన్ వీసా వ్యవస్థలో ఐదేళ్ల దాకా ఉంటాయి. అంతకన్నా పెద్ద చిక్కు మీ పాపది. రేపు ఆ అమ్మాయి బ్రిటన్‌కో కెనడాకో చదువుకు దరఖాస్తు పెడితే, గతంలో ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అని ఫారం అడుగుతుంది. పదమూడేళ్ల వయసులో నాన్న చేసిన పనికి ఆమె అవును అని రాయాలి.

సరే, వీసా వచ్చిందే అనుకుందాం. 5 లక్షల పర్సనల్ లోన్, 14 శాతం, మూడేళ్లు: నెలకు 17,088 రూపాయలు. మిగతా 3.5 లక్షలు కార్డు మీద 12 నెలలకు పెడితే, వడ్డీ 16 శాతమే అనుకున్నా నెలకు 31 వేలు దాటుతుంది. రెండూ కలిపి 48 వేల పైచిలుకు. మీకు మిగిలేది 20 వేలు! ఏడాదంతా తక్కువపడే ఆ 28 వేలు ఎక్కణ్నుంచి తెస్తారో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. బావమరిది సొమ్ము తిప్పి ఇవ్వాల్సింది ఇంకా ఉండనే ఉంది. ఆ ఫైనాన్షియర్‌కు నెలకు 7,800 ఇచ్చి మీరు కొనుక్కునేది ఒక్క అంకె.

నగదు చేబదులు గురించి ఇంకో మాట. 20 వేలు, ఆ పైన అప్పు నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. పుచ్చుకున్నంత మొత్తం జరిమానాగా పడొచ్చు. బావమరిదైనా మినహాయింపు లేదు.

గోల్డ్ లోన్ వడ్డీ తక్కువ, నిజమే. కానీ మీ ఇంట్లో అత్యవసరానికి పనికొచ్చే ఆఖరి వస్తువు ఆ 20 తులాలే. దాన్ని ఐఫిల్ టవర్ కింద ఫొటోలకు తాకట్టు పెట్టేశాక, అర్ధరాత్రి ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఏం పెడతారు?

మీ ఉత్తరంలో నన్ను బెంబేలెత్తించింది అప్పు కూడా కాదు, మధ్యలో అలవోకగా రాసిన ‘ఎఫ్‌డీ రద్దు చేసి’ అన్న ముక్క. ఆ 1.8 లక్షలే కదా మీ అత్యవసర నిధి? ఈఎంఐతో కలిపి మీ ఇంటి ఖర్చు నెలకు 80 వేలు. ఆరు నెలలకు 4.8 లక్షలు ఉండాలి. ఎఫ్‌డీ, సేవింగ్స్ కలిపి ఉన్నది 2.4 లక్షలు, సరిగ్గా సగం. సగమే ఉన్న నిధిని తీసేసి పదకొండు గంటలు విమానం ఎక్కేంత దూరం వెళ్తానంటున్నారు, 68 ఏళ్ల తల్లిని ఇక్కడ ఉంచి.

పారిస్‌లో ఉండగా అమ్మగారు బాత్రూంలో జారిపడ్డారని తమ్ముడు ఫోన్ చేశాడనుకోండి. క్యాష్‌లెస్ అనుమతి వచ్చేలోపు అడ్వాన్సు కట్టాలి. మీ నలుగురికీ రిటర్న్ టికెట్లు మార్చాలి, లేదా కొత్తవి కొనాలి. తమ్ముడి చేతిలో ఎంత ఉంటుంది? మీ కార్డు లిమిట్ అప్పటికే టూరుతో నిండిపోయి ఉంటుంది. షెంజెన్ వీసాకు తప్పనిసరైన 30 వేల యూరోల ప్రయాణ బీమా మీకు అక్కడ జబ్బు చేస్తే పనికొస్తుంది, ఇక్కడ అమ్మకు రూపాయి ఇవ్వదు. మీ కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మ పేరు ఉందో లేదో కూడా మీరు రాయలేదు, అది ఈ వారమే కనుక్కోండి.

ప్రైవేటు ఉద్యోగం మీది. మరో ఉద్యోగం దొరకడానికి పట్టే మూడు నాలుగు నెలలూ బ్యాంకు ఈఎంఐ ఆపదు. ఈ ఊళ్లో ప్రభుత్వ రంగంలో పనిచేసే వాళ్లే 2024లో జీతం విడతలుగా అందుకున్న నెలలు ఉన్నాయి. అంతకుముందు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిమీద పడ్డాక కరెంటు లేదు, ఏటీఎంలు మూగబోయాయి, పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల బారులు. అప్పుడు ఖాతాలో లక్షలున్న వాళ్లు కూడా పాల ప్యాకెట్‌కు చిల్లర వెతుక్కున్నారు. అందుకే అత్యవసర నిధిలో పది, పదిహేను వేలు నగదుగా ఇంట్లోనే ఉంచమని విశాఖ వాళ్లకు ప్రత్యేకంగా చెబుతుంటాను. తుపాను ముంచుకొస్తోందన్న రోజున ఏటీఎం దగ్గర మీ ముందు వంద మంది ఉంటారు.

ఈ నిధి వీసాకూ పనికొస్తుందన్నది చాలామందికి తట్టదు. ఏడాది, రెండేళ్లుగా కదలకుండా ఉన్న 4.8 లక్షల ఎఫ్‌డీ రసీదు, నిన్న వచ్చి పడిన 12 లక్షల కన్నా వీసా అధికారికి ఎక్కువ నచ్చుతుంది. దాన్ని రద్దు చేసి సేవింగ్స్‌లో పోయనక్కర్లేదు, రసీదు జతచేస్తే చాలు. ఖర్చు పెట్టేదీ లేదు, వచ్చాక అలాగే ఉంటుంది. దానితోపాటు మూడేళ్ల ఐటీ రిటర్నులు, జీతం స్లిప్పులు, ఫలానా తేదీన తిరిగి విధుల్లో చేరతారని మీ కంపెనీ, మీ ఆవిడ స్కూలు ఇచ్చే సెలవు పత్రాలు, పిల్లల స్కూలు ఉత్తరాలు పెట్టండి. మీరు తిరిగొస్తారని చెప్పేవి ఇవే, వీటికి వడ్డీ లేదు.

వచ్చే మే సంగతి మర్చిపోండి. పాప పదో తరగతి పరీక్షలయ్యాక వచ్చే వేసవికి పెట్టుకోండి, ఎలాగూ అప్పుడు చేతిలో రెండు నెలల ఖాళీ దొరుకుతుంది. ఇప్పటినుంచి దాదాపు 30 నెలలు. నెలకు 20 వేలు చొప్పున 6 లక్షలు. ఈలోపు మూడు ఏప్రిల్‌లు వస్తాయి, బోనస్ 3.6 లక్షలు. మొత్తం 9.6 లక్షలు. ఇందులో మొదటి 2.4 లక్షలు అత్యవసర నిధికే, అది నిండేదాకా టూరు పేరుతో ఒక్క రూపాయి పక్కన పెట్టొద్దు. ఆ తర్వాత వేరే ఖాతాలో ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెడితే 7.2 లక్షలు, వడ్డీతో ఇంకాస్త. 8.5 లక్షల టూరును దానికి తగ్గట్టు కుదించుకోండి. స్విట్జర్లాండ్‌లో రెండు రాత్రులు తగ్గిస్తే బిల్లు ఎంత దిగుతుందో ఏజెంటునే అడగండి. షేర్లు, మ్యూచువల్ ఫండ్లలో పెట్టి పెంచుదామని ఎవరైనా అంటే వినకండి, రెండున్నరేళ్ల గడువుకి ఆ దారి కాదు. పిల్లలు ఈ వేసవికే విదేశం అని పట్టుబడితే నేపాల్ ఉంది, వీసా ఊసే లేదు.

అప్పుడైనా దరఖాస్తుకు తొందరపడొద్దు, ఆలస్యమూ చేయొద్దు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, నిర్ణయానికి ఒక్కోసారి 45 రోజులు కూడా పడుతుంది. షెంజెన్ నుంచి బయటికొచ్చే తేదీకి ఇంకా మూడు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు పాస్‌పోర్టులో ఉండాలి. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్లకే ముగుస్తాయి, వాటి తేదీలు ముందు చూడండి. వీసా చేతికి రాకముందు వెనక్కి రాని టికెట్లు కొనొద్దు. టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్లు బిల్లు మీద ముందే పట్టుకునే పన్నును, అదే టీసీఎస్‌ను, ఐటీ రిటర్నులో సర్దుకోవచ్చు, కానీ ముందు కట్టే సొమ్ములో దాన్నీ లెక్కేసుకోండి.

పర్సనల్ లోన్‌కు ఇప్పటికే దరఖాస్తు పెట్టి ఉంటే, సొమ్ము ఖాతాలో పడకముందే వద్దని మెయిల్ పెట్టండి. యాప్‌లో తీసుకున్నది పడిపోయిందా, ఒప్పంద పత్రంలో కూలింగ్ ఆఫ్ గడువు ఎంతో చూడండి. ఒక్క రోజే ఉండొచ్చు. ఆ లోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేస్తే ముందస్తు చెల్లింపు జరిమానా లేకుండా బయటపడొచ్చు.