కరోనా మహమ్మారి ఆంక్షలను స్వేచ్ఛావాదులు (వ్యక్తి జీవితంలో ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువ ఉండాలనేవాళ్లు) ఎందుకు వ్యతిరేకించారు?

వైరస్‌ను తేలిగ్గా తీసుకోవడం వల్ల కాదు. ఒకరి స్వేచ్ఛ మరొకరికి హాని చేసేచోట ఆగాలని వాళ్లూ ఒప్పుకుంటారు. జబ్బు ఉందని తెలిసీ జనంలో తిరగడం ఎవరి హక్కూ కాదు. అభ్యంతరమల్లా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కూడా రోగులుగా లెక్కగట్టి ఒక్క ఉత్తర్వుతో అందరినీ ఇంట్లో కూర్చోబెట్టడం మీదే. ఇంటి నుంచి పనిచేయగల ఉద్యోగి మోసిన బరువూ, దినకూలీ మోసిన బరువూ ఒకటి కాదు కదా!

అసలు భయం ప్రభుత్వాలు తీసుకునే అత్యవసర అధికారాల గడువు గురించి. 2020 మార్చిలో హంగరీ పార్లమెంటు, గడువేదీ పెట్టకుండా, ప్రత్యేక ఉత్తర్వులతో పాలించే అధికారాన్ని అప్పటి ప్రధాని ఓర్బాన్ ప్రభుత్వానికి అప్పగించింది. జూన్‌లో ఆ చట్టాన్ని ఎత్తేసినా, వైద్య అత్యవసర పరిస్థితిని ప్రభుత్వమే ప్రకటించుకునే వీలు మిగిల్చారు. ఆ మార్చిలోనే బ్రిటన్ తెచ్చిన కరోనా వైరస్ చట్టానికి 2 ఏళ్ల గడువు, 6 నెలలకోసారి పార్లమెంటు సమీక్ష ఉండేవి. అయితే అక్కడ కూడా లాక్‌డౌన్ నిబంధనలు ఎక్కువగా 1984 నాటి ప్రజారోగ్య చట్టం కింద వచ్చాయి. చాలావాటిపై పార్లమెంటు చర్చ అవి అమల్లోకి వచ్చాకే జరిగింది. నాకు ఇదే పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

టీకాల మాటకొస్తే, 1905లో అమెరికా సుప్రీంకోర్టు మశూచి టీకాను తప్పనిసరి చేయడాన్ని సమర్థించిందని చాలామంది గుర్తుచేస్తారు. నిజమే. కానీ ఆ కేసులో శిక్ష 5 డాలర్ల జరిమానా మాత్రమే. ఆ తీర్పును చూపించి, టీకా వేయించుకోని మనిషి ఉద్యోగం తీసేయడం అన్యాయం.