బొమ్మ సంగతి తర్వాత, ముందు బాబును సర్జన్‌కు చూపించండి

ప్రశ్న: మాది వరంగల్. మా బాబుకు 11 నెలలు. 34 వారాలకే పుట్టాడు, కొన్నాళ్లు బాక్సులో ఉంచారు. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు ఎప్పుడూ నోట్లోనే పెట్టుకుంటాడు. వాటిలో ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లనే రసాయనాలు ఉంటాయని, మగపిల్లలకు మంచివి కావని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. థాలేట్లకు బదులు ఏం కలిపిన వస్తువులు కొనాలి? ఒంట్లో చేరినవి పోవడానికి ఆన్‌లైన్‌లో దొరికే డీటాక్స్ డ్రాప్స్ వేయొచ్చా? బాబుకు కుడివైపు వృషణం ఇంకా కిందికి దిగలేదు. అదే దిగుతుందిలే అని అత్తయ్య అంటున్నారు. ఇది ప్లాస్టిక్ వల్లేనా?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన విషయమే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. నెలలు నిండకుండా పుట్టిన మగపిల్లల్లో వృషణం దిగకపోవడం తరచూ చూస్తాం. చాలామందిలో మొదటి కొన్ని నెలల్లో దానంతట అదే దిగుతుంది కూడా. అత్తయ్యగారు అంటున్నది ఆ సంగతే. కానీ ఆ గడువు మీవాడికి దాటిపోయింది. ముందు పుట్టిన ఆరు వారాలు తీసేసి లెక్కేసినా తొమ్మిది నెలలు నిండాయి. ఆరు నెలల తర్వాత అదే దిగడం అరుదు.

అవసరమని తేలితే ఆపరేషన్ ఏడాదిన్నర వయసు లోపే జరగాలి. వృషణం పైనే ఒంటి వేడిలో ఎక్కువ కాలం ఉండిపోతే వీర్యకణాలను తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. పెద్దయ్యాక ఆ వృషణంలో క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు కంటే కొంత పెరుగుతుంది, త్వరగా ఆపరేషన్ చేస్తే అదీ తగ్గుతుంది. 'చూద్దాంలే' అనుకుంటూ పిల్లాణ్ని బడిలో వేసే వయసుకు తీసుకొచ్చే వాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. అందరూ చదువుకున్నవాళ్లే. ప్లాస్టిక్ గురించి ఇంత చదివిన మీరు ఈ పని ఇన్నాళ్లు ఎందుకు వాయిదా వేశారో నాకు అర్థం కాలేదు.

ముందే స్కాన్ తీయించుకుని వెళ్లక్కర్లేదు, చేత్తో చూసి చెప్పడమే ముఖ్యం. కొందరు పిల్లల్లో వృషణం పైకీ కిందికీ కదులుతుంటుంది, గోరువెచ్చని నీళ్లు పోసినప్పుడు సంచిలో కనిపిస్తుంది. వాళ్లకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు, ఏటా చూపించుకుంటే చాలు. మీవాడిది ఏ రకమో చూడకుండా నేను చెప్పలేను. దిగడానికి హార్మోన్ ఇంజెక్షన్లంటే ఒప్పుకోకండి. నీళ్లు పోసే ఆవిడ ఆముదం రాసి కిందికి నొక్కుతుంటే ఈ రోజే మాన్పించండి. గజ్జల్లో ఉన్నట్టుండి గట్టి గడ్డ కనిపించి, బాబు ఆపకుండా ఏడుస్తూ వాంతులు చేసుకుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇక ప్లాస్టిక్. మీ బాబుకు దానివల్లే ఇలా అయిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. కడుపుతో ఉన్న ఎలుకలకు డీఈహెచ్‌పీ వంటి థాలేట్లు ఎక్కువ మోతాదులో ఇస్తే వాటికి పుట్టిన మగ ఎలుక పిల్లల్లో వృషణాలు సరిగా దిగకపోవడం చూశారు. అది గర్భంలో జరిగే మార్పు. ఇప్పుడు నోట్లో పెట్టుకున్న బొమ్మకు దాన్ని ముడిపెట్టలేం. మీవాడి విషయంలో నెలలు తక్కువ కావడమే పెద్ద కారణం అయి ఉండొచ్చు.

పీవీసీ అసలు గట్టి ప్లాస్టిక్, నీళ్ల పైపు అదే. థాలేట్లు కలిపితే మెత్తబడుతుంది. అవి దానికి గట్టిగా అతుక్కుని ఉండవు కాబట్టి చప్పరించినా, వేడి గానీ నూనె గానీ తగిలినా కొద్దికొద్దిగా బయటికొస్తాయి. వాటి బదులు ఇప్పుడు డీఐఎన్‌సీహెచ్, డీఈహెచ్‌టీ, సిట్రిక్ యాసిడ్ నుంచి చేసే ఏటీబీసీ వాడుతున్నారు. జంతువుల పరీక్షల్లో ఇవి డీఈహెచ్‌పీలా మగ హార్మోన్‌ను దెబ్బతీసినట్టు కనిపించలేదు కాబట్టి వాటికంటే మెరుగే అంటాను. అయితే ఇవీ కొంత బయటికొస్తాయి. పూర్తి క్షేమమని నేను రాసివ్వను. డీఈహెచ్‌పీ బదులు తెచ్చిన డీఐఎన్‌పీ అనే మరో థాలేట్‌ను కూడా తర్వాత పిల్లల బొమ్మల్లో నియంత్రించారు. అమెరికా, ఐరోపాలో దాని పరిమితి 0.1 శాతమే.

అందుకే మెత్తబరిచే రసాయనమే అక్కర్లేనివి కొనండి: సిలికాన్ టీథర్, రంగు వేయని చెక్క, స్టీలు గిన్నె, అడుగున త్రికోణంలో 5 అంకె ఉండే పాలీప్రొపిలీన్. 3 ఉంటే పీవీసీ. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, జాతరలో కొన్న మెత్తటి బాతుకు అది ఉండకపోవచ్చు. 'బీపీఏ ఫ్రీ' అని రాసి ఉంటే అది వేరే రసాయనం గురించి, థాలేట్లు లేవని కాదు. సువాసన లోషన్లు, పౌడర్లు కూడా తగ్గించండి. అవి రాసిన పిల్లల మూత్రంలో థాలేట్ల ఆనవాళ్లు ఎక్కువగా ఉన్నట్టు 2008లో అమెరికాలో ఒక అధ్యయనం చెప్పింది.

డీటాక్స్ డ్రాప్స్ వద్దే వద్దు. థాలేట్లు చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. ఆ సీసాలో ఏముందో నాకూ తెలియదు, అమ్మేవాడికీ తెలియకపోవచ్చు.

సెలైన్ గొట్టాల్లోనూ డీఈహెచ్‌పీ ఉంటుందని చదివి ఆపరేషన్‌కు వెనకాడతారేమో. నెలల తరబడి గొట్టాలతో ఉండే పసికందుల విషయంలో అది ఆలోచించాల్సిందే, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లోనే ఆ జాగ్రత్త చెప్పింది. ఇక్కడ సెలైన్ ఎక్కేది కాసేపు. డీఈహెచ్‌పీ లేని గొట్టాలు ఉన్నాయేమో అడగండి, లేవంటే ఆపరేషన్ మానకండి. ఈ వారంలోనే పిల్లల సర్జన్ దగ్గరికి వెళ్లండి, పుట్టినప్పటి డిశ్చార్జి కాగితాలు కూడా తీసుకెళ్లండి.