ఆన్‌లైన్ డిగ్రీ కోర్సులో విద్యార్థుల చేత బ్లాగులు రాయించవచ్చా?

ఆన్‌లైన్ తరగతుల్లో అసైన్‌మెంట్లకు బదులు బ్లాగులు రాయిస్తే విద్యార్థులకు నిజంగా ప్రయోజనం ఉంటుందా, లేక అధ్యాపకులకు పని పెరగడమే మిగులుతుందా అని మీరు అడిగారు. గుంటూరులోని ఒక డిగ్రీ కళాశాలలో బీకాం విద్యార్థులకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతున్న అనుభవంతో సమాధానం ఇస్తున్నాను. ప్రయోజనం తప్పకుండా ఉంటుంది. అయితే ఆ రాతను అధ్యాపకుడే కాక, విషయం తెలిసిన బయటివారు కూడా చదవాలి. మార్కులు వేసేవాడు తప్ప మరెవరూ చదవని బ్లాగులోకి గైడు పుస్తకంలోని వాక్యాలే వచ్చి చేరతాయి.

మా తరగతిలో ఒక అమ్మాయి మిర్చి యార్డు ధరల మీద రాసింది. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైటులో రోజూ కనిపించే కనిష్ఠ, గరిష్ఠ ధరలను గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించి, గ్రాఫు గీసి, ఆ రెండింటి మధ్య అంత తేడా రావడానికి వ్యాపారుల బేరమే కారణమని తేల్చింది. ఆ అమ్మాయి బంధువు, యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన అది చదివి, కాయ రంగు, తేమ చూడకుండా ఎవరూ ధర కట్టరనీ, తాలు కాయలను (రంగు వెలిసిన నాసి కాయలను) వేరు చేసి తక్కువ ధరకు అమ్ముతారనీ కింద వ్యాఖ్య పెట్టారు. ఆ అమ్మాయి గ్రాఫును అలాగే ఉంచి, వివరణ మొత్తం తిరగరాసింది. అంకెలు చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో ఆమెకు అక్కడ బోధపడినంతగా నా పాఠంలో బోధపడలేదని నేను నమ్ముతున్నాను. అందుకే మొదటి రాతకు తక్కువ మార్కులు, వ్యాఖ్యలు చూసి దిద్దిన రాతకు ఎక్కువ మార్కులు కేటాయిస్తున్నాను.

మన పిల్లల్లో చాలామందికి ఉన్నది ఫోను మాత్రమే కాబట్టి, ముందు గూగుల్ డాక్స్‌లో రాసుకుని, తర్వాత గూగుల్ వారి బ్లాగు సేవ అయిన బ్లాగర్‌లో పెట్టమనండి. రెండూ ఉచితం, ఒక్క జీమెయిల్ ఖాతా చాలు. బృందంగా చేసే పనిలో ఎవరు ఏ భాగం రాశారో డాక్స్‌లోని వెర్షన్ హిస్టరీ చూపిస్తుంది, అందువల్ల ఒకరి కష్టం మీద మరొకరు మార్కులు తెచ్చుకోవడం తగ్గుతుంది. తెలుగులో రాయడానికీ అనుమతించండి. ఇంగ్లిషులో రెండు వాక్యాలతో ఆగిపోయే విద్యార్థి తెలుగులో రెండు పేజీలు రాయడం నేను చూశాను.

గోప్యత విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. మొదటి సంవత్సరంలో 17 ఏళ్లవారు కూడా ఉంటారు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివారు పిల్లలే. అందుచేత అసలు పేరు, ఫోటో, ఫోన్ నంబరు లేకుండా కలం పేరుతో రాయించండి. అది కూడా ఇష్టపడనివారి బ్లాగును ఎంపిక చేసిన పాఠకులకే కనిపించేలా బ్లాగర్ సెట్టింగుల్లో మార్చవచ్చు.

పని భారం గురించి మీ భయం సరైనదే. తరగతి మొత్తం రాసేది వారం వారం చదవడం ఒక్కరి వల్ల కాదు. విద్యార్థులను ఐదారుగురి చొప్పున జట్లుగా చేసి, ప్రతి ఒక్కరూ జట్టులోని మరొకరి రాతపై ఒక నిజమైన ప్రశ్న అడగాలని నియమం పెట్టండి. విద్యార్థులు వ్యాఖ్యలు చూసి దిద్దిన రాతలను మాత్రం మీరు చదవండి, మొదటి సెమిస్టరులో ఒక్క యూనిట్‌కే దీన్ని పరిమితం చేయండి.