భార్యకు ఏ వీసా మేలు?

ప్రశ్న: నేను అమెరికా సిటిజన్ని. ఉద్యోగరీత్యా సింగపూర్‌లో ఉంటున్నాను. పెళ్లయి ఏడాదిన్నర. నా భార్యది ఇండియన్ పాస్‌పోర్ట్. అమెరికాలో స్థిరపడదామనుకుంటున్నాం. కే-3 (సిటిజన్ల భార్యాభర్తలకిచ్చే తాత్కాలిక వీసా) తీసుకోమని ఒకరు, టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడే గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేయమని ఇంకొకరు అంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, సింగపూర్

జవాబు: ఆ రెండో సలహా ఇచ్చినవారికి దూరం నుంచే దణ్ణం పెట్టండి. అక్కడే ఉండిపోయే ఉద్దేశాన్ని దాచి టూరిస్టుగా అడుగుపెడితే, రేపు అది మోసం కిందికి వస్తుంది. ఇక కే-3 పేరుకే మిగిలింది. ఐ-130 (భార్య కోసం మీరు వేసే పిటిషన్) ముందే అప్రూవ్ అయితే దాంతో పనే ఉండదు.

కాబట్టి ఐ-130 వేసి ఇమిగ్రెంట్ వీసాకే (శాశ్వతంగా ఉండేందుకిచ్చేది) వెళ్లండి. ఆమె అమెరికాలో దిగేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండితే ఐఆర్-1 కింద పదేళ్ల కార్డు వస్తుంది. నిండకపోతే సీఆర్-1, రెండేళ్ల షరతుల కార్డు. అప్పుడు గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 (షరతులు తీసేయమని కోరే దరఖాస్తు) వేయాలి. మీ కేసు తేలేసరికి పెళ్లయి రెండేళ్లు దాటిపోవచ్చు, ఆ టెన్షన్ వద్దు.

మీలాంటివాళ్లకు అసలు చిక్కు ఐ-864 (ఆమెను పోషించే ఆదాయం ఉందని స్పాన్సర్ పూచీ ఇచ్చే ఫారం) దగ్గర. స్పాన్సర్‌కి, అంటే మీకు, అమెరికాలో నివాసం ఉండాలి. లేదంటే ఆమెతోపాటో, అంతకుముందో వెళ్లి కాపురం పెడతారని రుజువు చూపాలి: ఉద్యోగం ఆఫర్ లెటరో, ఇంటి అద్దె అగ్రిమెంటో. సింగపూర్ జీతం అక్కడికి వెళ్లాక ఆగిపోయేదైతే లెక్కలోకి రాదు. అప్పుడు అమెరికాలో ఉంటున్న సిటిజన్‌నో, గ్రీన్‌కార్డ్ ఉన్నవారినో జాయింట్ స్పాన్సర్‌గా అడగండి. మొహమాటపడకుండా ఇప్పుడే అడగండి. ట్యాక్స్ కాగితాలు ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు.