పగలు నాలుగు గంటలు నాకోసం అడగడం తప్పా?

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు. రెండేళ్లుగా మతిమరుపు. అన్నం తిని చెయ్యి కడుక్కున్న కాసేపటికే, పెట్టలేదని గొడవ. చీకటి పడితే చాలు, "మా ఊరెళ్లిపోతాను" అని గుమ్మం దాటేస్తారు. మా ఆయన చెన్నైలో పని చేస్తారు. మరిది, ఆడపడుచు విశాఖలో ఉంటారు. నేను ఇంట్లో బట్టలు కుట్టేదాన్ని, ఇప్పుడు అదీ ఆగిపోయింది. నిద్ర లేదు, ఊరికే ఏడుపొస్తోంది. పెద్దవాళ్లకి డే కేర్ ఉంటుందట కదా అంటే, "అమ్మని ఆశ్రమంలో పడేస్తావా, పరువేం కావాలి" అన్నాడు మరిది.
- ఒక సోదరి, నరసన్నపేట

జవాబు: తప్పు కాదమ్మా. ఆశ్రమం వేరు, డే కేర్ వేరు. పొద్దున్న దింపుతాం, సాయంత్రం ఇంటికి తెచ్చుకుంటాం, మధ్యలో భోజనం, మందులు, నలుగురితో కబుర్లు. కేరళలో పంచాయతీలే 'పకల్‌వీడు' పేరుతో ఇలాంటివి నడుపుతున్నాయి. జపాన్‌లో అయితే 2000లో తెచ్చిన సంరక్షణ బీమాలోనే ఇది ఉంది. వాళ్లెవరూ అమ్మల్ని వదిలించుకున్నట్టు కాదు కదా.

కానీ డే కేర్ దగ్గర్లో ఉంటేనే పనికొస్తుంది, మతిమరుపు మనిషిని రోజూ బస్సెక్కించి దూరం తిప్పలేం. ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు 14567కి ఫోన్ చేసి అడగండి, పెద్దవాళ్ల కోసం పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది. ఈలోపు ఇంట్లోనే ఏర్పాటు చేసుకోవచ్చు. మీ వీధిలో ఆవిడకి ముఖపరిచయం ఉన్న ఒకామెని పగలు నాలుగు గంటలకి జీతమిచ్చి పెట్టుకోండి, ఆ జీతం కొడుకులూ కూతురూ పంచుకోవాలి. మొదట్లో కొన్నాళ్లు మీరూ ఇంట్లోనే ఉండి అలవాటు చేయండి. ఏ మందు ఎప్పుడు, దేనికి కోపమొస్తుంది, ఏం మాట్లాడితే శాంతిస్తారు, బాత్రూంకి వెళ్లాలంటే ఎలా కదులుతారు, ఇవన్నీ కాగితం మీద రాసి ఆమెకివ్వండి. మీరెలాగూ కుట్టుపని చేస్తారు కాబట్టి అత్తగారి జాకెట్ల లోపలి అంచుకి మీ ఫోన్ నంబరు కుట్టేయండి, తప్పిపోతే అదే ఇంటికి చేరుస్తుంది.

మరిదిగారిని "కాస్త సాయం చేయండి" అని అడగకండి, చూద్దాం అని ఊరుకుంటారు. తేదీ చెప్పండి. వచ్చే నెల ఫలానా వారం మీరో, ఆడపడుచుగారో ఇక్కడికొచ్చి ఉండాలి, నేను మా అమ్మ వాళ్లింటికి వెళ్తున్నాను అనండి. ఆవిడని విశాఖ తీసుకెళ్లడం కంటే వాళ్లు రావడమే మేలు, ఎందుకంటే కొత్త ఇల్లు, కొత్త గదులు ఇలాంటివాళ్లని ఇంకా తికమక పెడతాయి. పరువు గురించి మాట్లాడే హక్కు ఆ వారం రోజులు చూసుకున్నాకే వస్తుందని నా అభిప్రాయం, కోపం తెచ్చుకున్నా సరే.

ఒకసారైనా డాక్టరుకి చూపించారా? మీరు రాయలేదు. థైరాయిడ్, బి12 లోపం, దిగులు, కొన్ని మందులు కూడా మతిమరుపు తెస్తాయి, పరీక్షలతో తెలిసిపోతుంది. శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి. రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా ముదిరితే మూత్రంలో ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, అప్పుడు ఆలస్యం చేయకూడదు.

సాయంత్రం గొడవ ఈ జబ్బులో మామూలే. చీకటి పడకముందే లైట్లన్నీ వేయండి, "ఇదే మీ ఇల్లు" అని వాదించకుండా ఆ ఊళ్లో ఎవరెవరున్నారో అడిగి మాటల్లో పెట్టండి.

మనిషి దొరికాక మొదటి వారం మిషను ముందు కూర్చోకండి, పడుకోండి. ఆ తర్వాత కూడా ఏడుపు ఆగకపోతే 14416కి చేయండి, టెలీ మానస్ అంటారు, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు.