క్లబ్బుకి వెళ్లొచ్చు, ఓటరు ఫారం మాత్రం ముట్టుకోవద్దు

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. క్లాస్‌మేట్లు ‘కాలేజ్ రిపబ్లికన్స్’ (రిపబ్లికన్ పార్టీ విద్యార్థుల క్లబ్బు) మీటింగులకి రమ్మంటున్నారట. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు వెళ్లొచ్చా? (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: వెళ్లొచ్చండి. కూర్చుని వినడానికి, ప్రశ్నలు అడగడానికి, గట్టిగా వాదించడానికి కూడా ఏ చట్టమూ అడ్డు చెప్పదు. జాగ్రత్త పడాల్సింది ఆ హాలు బయట వేసే బల్ల దగ్గర. ఎన్నికల ముందు క్యాంపస్‌లో ఓటరు నమోదు బల్లలు వెలుస్తాయి. ‘రెండు నిమిషాల పనే’ అంటూ ఫారం చేతిలో పెడతారు. అందులో మొదట్లోనే ఉంటుంది, ‘మీరు అమెరికా పౌరులా?’ అని. అక్కడ ‘అవును’ మీద టిక్కు పెట్టి సంతకం చేశాడంటే పౌరుణ్ణని అబద్ధం చెప్పినట్టు లెక్క. తర్వాత ఓటు వేయకపోయినా సరే, గ్రీన్‌కార్డుకి ఆ ఒక్క టిక్కే అడ్డం పడుతుంది. మినహాయింపు దొరకడం దాదాపు అసాధ్యం. ఓటే వేస్తే అది నేరం, ఫెడరల్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడు కూడా ఓటరుగా నమోదు చేయమంటారా అని అడుగుతారు, అక్కడా ‘వద్దు’ అనే చెప్పాలి.

రెండోది డబ్బు. పౌరసత్వంగానీ గ్రీన్‌కార్డుగానీ లేనివాళ్లు ఏ ఎన్నికకీ, చివరికి ఊరి మేయర్ ఎన్నికకైనా, విరాళం ఇవ్వకూడదు. ‘ఐదు డాలర్లేగా’ అన్న మినహాయింపు లేదు. చాలామందికి తెలియనిది ఇంకోటి: అభ్యర్థి ప్రచార సంస్థ నుంచి టోపీ, టీషర్టు కొన్నా అది విరాళమే.

జీతం లేకుండా ఇంటింటికీ తిరగడం, ఫోన్లు చేయడం లాంటి స్వచ్ఛంద సేవకి అనుమతి ఉంది. కానీ ప్రచారంలో డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో నిర్ణయించే చోట మీవాడు కూర్చోకూడదు. కాబట్టి క్లబ్బులో కోశాధికారి పదవి ఇస్తామంటే మర్యాదగా వద్దనమనండి. బయటి సంస్థ ఏదైనా ‘స్టైపెండ్’ ఇస్తామంటే అది ఉద్యోగం కిందికి వచ్చే అవకాశం ఉంది. ఒప్పుకునే ముందే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగాలి.

చట్టం ఇచ్చే హక్కు వేరు, వీసా క్షేమం వేరు. 2025లో క్యాంపస్ ఆందోళనల్లో పాల్గొన్న కొందరు విదేశీ విద్యార్థుల వీసాలు రద్దు చేశారు. హక్కు ఉంది కదా అని ధీమాగా ఉండమని మేం చెప్పలేం.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలోనే పుట్టింది. కాలేజీలో చేరాక ‘నేను కన్జర్వేటివ్‌ని’ (సంప్రదాయవాదిని) అంటోంది. మేం హెచ్‌-1బీ మీద వచ్చినవాళ్లం. వాళ్లు మనలాంటివాళ్లకి వ్యతిరేకం కాదా? (ఒక తల్లి, ఎడిసన్)

జవాబు: ‘ఏ రకం కన్జర్వేటివ్‌వమ్మా?’ అని అడిగి చూడండి. ఆ పేరు కింద ఒకరితో ఒకరికి పడని మూడు నాలుగు బృందాలున్నాయి.

1960 సెప్టెంబరులో కనెక్టికట్‌లోని షారన్‌లో, కన్జర్వేటివ్ రచయిత విలియం బక్లీ కుటుంబం ఇంట్లో, ‘యంగ్ అమెరికన్స్ ఫర్ ఫ్రీడమ్’ పుట్టింది. స్వేచ్ఛా మార్కెట్టు, పరిమిత ప్రభుత్వం, కమ్యూనిజం పట్ల వ్యతిరేకత వాళ్ల మూలసూత్రాలు. ఆ దారిలో నడిచే విద్యార్థుల్లో చాలామంది, కంపెనీ ఎవరిని పెట్టుకోవాలో ప్రభుత్వం చెప్పడమేంటంటారు. జాతీయవాదుల లెక్క వేరు: ఏటా 85,000 హెచ్‌-1బీలు ఇస్తుంటే ఇక్కడి పట్టభద్రుడికి మొదటి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందని వాళ్ల ప్రశ్న. అప్పుతో డిగ్రీ పూర్తిచేసిన పిల్లాడి నోట ఆ మాట వచ్చినప్పుడు కొట్టిపారేయకూడదు, సమాధానం చెప్పాలి. 2024 డిసెంబరులో ఈ తగాదా బయటపడింది. హెచ్‌-1బీ కావాలన్న ఎలాన్ మస్క్, వివేక్ రామస్వామి ఒకవైపు, దాన్ని వ్యతిరేకించిన ట్రంప్ మద్దతుదారుల్లో పెద్ద వర్గం ఇంకోవైపు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో పైచేయి ఎవరిదో తెలిసింది. మతవిశ్వాసం నుంచి వచ్చే విద్యార్థులకైతే గర్భస్రావం మొదటి అంశం, వీసాలు ఎక్కడో వెనక.

మీకూ ఆ అమ్మాయికీ మాట కలిసే చోటు కూడా ఉండొచ్చు. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని హార్వర్డ్ కేసులో 2023 జూన్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఆసియా మూలాల విద్యార్థులకి అన్యాయం జరుగుతోందన్నదే ఆ కేసు. కన్జర్వేటివ్ విద్యార్థులు ఆ తీర్పుని తమ గెలుపుగా చూస్తారు. మన తల్లిదండ్రులు చాలామంది కూడా సంతోషించారు.

ఒక్క విషయం మాత్రం తనతో తప్పక మాట్లాడండి. తాత్కాలిక వీసా మీదున్న తల్లిదండ్రులకి పుట్టే పిల్లలకి పౌరసత్వం ఇవ్వొద్దని 2025 జనవరి 20న ట్రంప్ ఉత్తర్వు వచ్చింది, వెంటనే కోర్టుకెక్కింది. అది అంతకుముందు పుట్టినవాళ్లకి వర్తించదు, మీ అమ్మాయికి భయం లేదు. కానీ తను పుట్టిననాటికి మీరు ఏ వీసా మీద ఉన్నారో తనకి తెలియాలి. తెలిసి కూడా ఆ ఉత్తర్వుని సమర్థిస్తే అది తన అభిప్రాయం. అప్పుడు వాదించుకోండి, అలగొద్దు.

ప్రశ్న: నేను అమెరికా పౌరుణ్ణి, స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్నాను. మా కన్జర్వేటివ్ క్లబ్బుకి వక్తని పిలిస్తే, గొడవ జరుగుతుందంటూ భద్రత ఖర్చు కట్టమంటున్నారు. కట్టాలా? (ఒక విద్యార్థి, ఒహాయో)

జవాబు: ఏ లెక్కన అడుగుతున్నారో ముందు రాతపూర్వకంగా తెప్పించుకోండి. హాజరయ్యే జనం, హాలు పరిమాణం, వేళ చూసి అన్ని క్లబ్బులకీ ఒకే పట్టిక ప్రకారం వేస్తే సాధారణంగా కట్టాల్సిందే. ‘ఈ వక్తంటే జనానికి కోపం’ అన్న కారణంతో పెంచితే చెల్లదు; 1992లో ఫోర్సైత్ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. భావాలు నచ్చలేదని క్లబ్బుకి గుర్తింపు నిరాకరించడం కుదరదని 1972లోనే హీలీ కేసులో చెప్పింది. ఆ కేసు వేసింది వామపక్ష విద్యార్థులు. ఆ తీర్పు ఇప్పుడు మీకు పనికొస్తోంది. ప్రైవేటు యూనివర్సిటీకి మాత్రం ఈ నియమాలు నేరుగా వర్తించవు, అక్కడ వాళ్ల హ్యాండ్‌బుక్కే దిక్కు.

భద్రతని తేలిగ్గా తీసుకోకండి. 2025 సెప్టెంబరు 10న యూటా వ్యాలీ యూనివర్సిటీలో విద్యార్థుల ప్రశ్నలకి జవాబిస్తుండగానే కన్జర్వేటివ్ ఉద్యమకారుడు చార్లీ కర్క్‌ని కాల్చి చంపారు. అది ఆరుబయట సభ. మీది హాల్లో పెట్టండి, ప్రవేశం టికెట్టు మీదే ఉంచండి, సంచులు తనిఖీ చేయించండి, క్యాంపస్ పోలీసులకి ముందుగానే రాతపూర్వకంగా తెలపండి.

ప్రశ్న: వీసా ఇంటర్వ్యూకి ముందు రాజకీయ పోస్టులు తీసేయాలా? (ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: 2025 జూన్ నుంచి ఎఫ్‌, ఎం, జె (చదువు, వృత్తి శిక్షణ, ఎక్స్ఛేంజ్) వీసా దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలని పబ్లిక్‌లో ఉంచాలి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్‌-160లో గత ఐదేళ్లలో వాడిన ఖాతాల పేర్లన్నీ రాయాలి, మూసేసినవి కూడా. పోస్టులు తీసేయడం కంటే ముఖ్యం ఖాతా దాచకపోవడం; దాస్తే వీసా నిరాకరించొచ్చు. అందుకని ముందు పేర్ల జాబితా రాసుకుని, తర్వాతే ఫారం తెరవండి.