ముందు మీ ఆయన జవాబు చెప్పాలి

ప్రశ్న: కజకిస్తాన్‌లోని కరగండలో ఎంబీబీఎస్ చదివి, అక్కడి ఆల్మటీ అబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. టొరంటోలో ఉంటున్నాం. బాబుకి ఐదేళ్లు. ఏడాదిగా మా దగ్గరే ఉంటున్న అత్తగారు వాడితో కజక్‌లోనే మాట్లాడతారు. వాడు ఇంగ్లిష్‌లో ఏదో అనేసి లేచిపోతాడు. మావారు తల్లితో రష్యన్‌లో, వాడితో ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. నేను తెలుగులో. ఇన్ని భాషలతో వాడు తికమకపడతాడని టెన్షన్‌గా ఉంది. ఇంగ్లిష్ నేర్చుకోమని అత్తగారికి ఎలా చెప్పాలి?

జవాబు: చెప్పకండి. నాలుగు భాషలు వింటే పిల్లలకు మాటలు రావని భయపడటం అనవసరం. డాక్టరు చదువు చదివిన మీకు ఇది నేను చెప్పాలా? బళ్లారిలో పిల్లలు వీధిలో ఆడుకుంటూనే మూడు భాషలు పట్టేస్తారు.

నాకు బాధ కలిగించింది వేరే మాట. కన్నతల్లి కజక్‌లో పలకరిస్తే మీ ఆయన రష్యన్‌లో బదులిస్తున్నారు. బాబు రోజూ చూస్తున్నది అదే. నాన్నే పట్టించుకోని భాషకు వాడెందుకు జవాబిస్తాడు?

సోవియట్ కాలంలో ఆల్మటీలో రష్యన్‌దే పెత్తనం. కజక్ అంటే పల్లెటూరి మాటని చిన్నచూపు. 1989లో దాన్ని అధికార భాష చేసినా ఆ చిన్నచూపు వెంటనే పోలేదు. అక్కడ పెరిగినవాళ్లు చాలామందికి కజక్ అర్థమవుతుంది, మాట్లాడాలంటే మాత్రం నోరు తిరగదు. తప్పుపోతే సొంతవాళ్లే ‘షాలా కజక్’, అంటే సగం కజక్, అని ఎగతాళి చేస్తారు. మీ ఆయనకూ ఆ సిగ్గే ఉండి ఉంటుంది. ఉండనివ్వండి. కానీ దాని కోసం తల్లి కొడుకింట్లో మూగగా బతకడం నేను ఒప్పుకోను.

మొదటి మనవణ్ణి తాతా నాయనమ్మలే సొంతబిడ్డలా పెంచుకోవడం కజక్ ఇళ్లలో పాత ఆచారం. ఏడు తరాల తాతల పేర్లు పిల్లలకు నోటికి రావాలంటారు. ఆవిడ ఆ ఆశతోనే సముద్రాలు దాటి వచ్చి ఉంటారు. ఇంగ్లిష్ నేర్చుకోమని కోడలు చెబితే ఆవిడ మనసు ఏమవుతుంది?

మీ ఆయనతో గట్టిగా మాట్లాడండి. ఈ రాత్రి చాయ్ దగ్గరే, తప్పులతోనైనా, తల్లికి కజక్‌లో జవాబివ్వాలి. ఆ ఏడు పేర్లూ బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. మీరు కూడా ఆవిణ్ణి కజక్‌లో పెద్దావిడను పిలిచినట్టు ‘అపా’ అని పిలిచి, పక్కన కూర్చోండి. కజక్ ఇళ్లలో గిన్నె నిండా చాయ్ పోస్తే ఇక వెళ్లమన్నట్టు అని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కొంచెం కొంచెంగా పోయండి, కబుర్లు సాగుతాయి.

ఒక సంగతి మీరు రాయలేదు. మీ అమ్మగారు ఫోన్ చేస్తే బాబు ఏ భాషలో మాట్లాడుతున్నాడు?